లాక్టోఫెర్రిన్ బాక్టీరియాను ఎలా చంపుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కన్నీళ్లు, ఉమ్మి, చీమిడి, చనుబాలు. వీటన్నిటిలోనూ ఉండే ఒక ప్రొటీన్ గురించి ఈ పేజీ. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివే పిల్లలు పరీక్షల ముందు టెన్షన్‌తో అడిగే ప్రశ్నలు, కొత్తగా తల్లులైనవాళ్లు అడిగే ప్రశ్నలు ఇందులో కలిసే ఉన్నాయి. చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బాక్టీరియా పెరక్కుండా ఆపడం వేరు, చంపడం వేరు. ఈ ప్రొటీన్ రెండూ చేస్తుంది కానీ ఒకే పద్ధతిలో చేయదు. అందుకే జవాబుల్లో ఆ రెంటినీ విడదీసి చెప్పాను.

అసలు ఏమిటీ ప్రొటీన్?

పేరు లాక్టోఫెర్రిన్. లాక్టో అంటే పాలు, ఫెర్రం అంటే ఇనుము. సుమారు 690 అమైనో ఆమ్లాల గొలుసు, బరువు దాదాపు 80 వేల డాల్టన్లు. ఇనుము పట్టుకున్నప్పుడు లేత ఎరుపు రంగులో ఉంటుంది. మొదట కంటబడింది కూడా ఆ రంగు వల్లే. 1939లో డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ దంపతులు ఆవుపాల ప్రొటీన్ల మీద రాసిన వ్యాసంలో ఒక ఎర్రటి ప్రొటీన్ ప్రస్తావన ఉంది. స్కూల్లో మనం నేర్చుకున్న పీహెచ్ స్కేలు ఇచ్చింది ఆ సోరెన్‌సెనే. తల్లిపాల నుంచి దీన్ని శుద్ధంగా విడదీయడానికి మాత్రం 1960 దాకా ఆగాల్సి వచ్చింది.

రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ దీనికి దగ్గరి చుట్టం. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఓవోట్రాన్స్‌ఫెరిన్ ఇంకో చుట్టం.

ఒంట్లో ఎక్కడెక్కడ ఉంటుంది?

బయటి ప్రపంచానికి తెరుచుకుని ఉన్న ప్రతి చోటా. కన్ను, ముక్కు, నోరు, ఊపిరితిత్తుల గొట్టాలు, జననాంగాల స్రావాలు, పైత్యరసం. వీటితో పాటు న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు తమ లోపలి సంచుల్లో దీన్ని మోసుకు తిరుగుతాయి. ఎక్కడైనా ఇన్ఫెక్షన్ వస్తే అక్కడికి వెళ్లి ఒలకబోస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ ఉండేది తల్లి ముర్రుపాలలో, లీటరుకు 5 గ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. వారాలు గడిచి పాలు పలచబడ్డాక 1 నుంచి 3 గ్రాముల దగ్గర నిలుస్తుంది. మామూలు ఆవుపాలలో ఉండేది లీటరుకు 0.1 – 0.2 గ్రాములే. దూడ అవసరాలు వేరు, మన పిల్లల అవసరాలు వేరు.

ఇనుముకూ బాక్టీరియాకూ ఏమిటి సంబంధం?

మనకు హిమోగ్లోబిన్‌లో ఇనుము ఎంత అవసరమో, చాలా బాక్టీరియాలకు శ్వాసక్రియకు, డీఎన్ఏ తయారీకి అంతే అవసరం. ఒక్క ఈ.కోలై కణంలో ఇనుము పరమాణువులు లక్ష నుంచి పది లక్షల దాకా ఉంటాయి. ఆ కణం రెండుగా చీలాలంటే అంత ఇనుమూ మళ్లీ సంపాదించుకోవాలి.

మన ఒంట్లో గ్రాముల కొద్దీ ఇనుము ఉంది, కానీ దేనికీ కట్టుబడకుండా స్వేచ్ఛగా తిరిగేది దాదాపు లేదు. మన ద్రవాల్లో స్వేచ్ఛగా ఉండే ఫెర్రిక్ ఇనుము లీటరుకు 10⁻¹⁸ మోల్స్ స్థాయిలో ఉంటుందని లెక్క. దాన్ని పరమాణువుల్లోకి మార్చి చూడండి. లీటరు ద్రవంలో ఆరు లక్షలు. అంటే లీటరంతా గాలించినా దొరికేది ఒక్క బాక్టీరియా కణానికి బొటాబొటీగా సరిపోయేంత. పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్కను నేనెప్పుడూ వదలను, ఎందుకంటే ఇది అర్థమైతే సగం సబ్జెక్టు అర్థమైనట్టే.

మరి లాక్టోఫెర్రిన్ ఇనుమును ఎలా పట్టుకుంటుంది?

దీనికి రెండు భాగాలుంటాయి. ఒక్కో భాగాన్ని ఒక దోసిలి అనుకోండి. ఇనుము లేనప్పుడు దోసిలి తెరుచుకుని ఉంటుంది. ఫెర్రిక్ అయాన్, అంటే ధనావేశమున్న ఇనుము పరమాణువు, వచ్చి పడగానే రెండు చేతులూ దగ్గరకు మూసుకుంటాయి. లోపల నాలుగు అమైనో ఆమ్లాలు (రెండు టైరోసిన్లు, ఒక హిస్టిడిన్, ఒక ఆస్పార్టేట్) ఆ అయాన్‌ను పట్టుకుంటాయి. వాటికి తోడు ఒక కార్బొనేట్ అయాన్ కూడా ఉండాల్సిందే, అది లేకపోతే పట్టు బిగియదు. ఈ ఆకారాన్ని 1987లో న్యూజీలాండ్‌లోని మాసీ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ బేకర్ బృందం ఎక్స్-రేలతో చూపించింది.

ఒక అణువుకు రెండు ఇనుము అయాన్లు. గ్రాము లాక్టోఫెర్రిన్ పూర్తిగా నిండితే పట్టేది 1.4 మిల్లీగ్రాముల ఇనుమే. చూడ్డానికి కొంచెమే, కానీ ఆ పట్టు మామూలుది కాదు. ట్రాన్స్‌ఫెరిన్ పీహెచ్ 5.5 దగ్గరకు దిగేసరికి ఇనుమును వదిలేస్తుంది. లాక్టోఫెర్రిన్ 3 దగ్గర దాకా వదలదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, చీము పట్టిన చోట ఆమ్లత పెరుగుతుంది. అక్కడ ట్రాన్స్‌ఫెరిన్ జారవిడిచిన ఇనుమును బాక్టీరియా ఎత్తుకుపోకముందే లాక్టోఫెర్రిన్ లాగేసుకుంటుంది.

ఇనుము దొరక్కపోతే బాక్టీరియా చచ్చిపోతుందా?

వెంటనే చావదు. ఇక్కడే పరీక్షల్లో మార్కులు పోతాయి. నోటికాడి కూడు లాక్కుంటే అది పెరగడం ఆపేస్తుంది, చీలడం ఆపేస్తుంది, అలా కూర్చుంటుంది. ఇనుము మళ్లీ దొరికితే లేచి పని మొదలెడుతుంది. దీన్ని నిరోధించడం అనాలి, చంపడం అనకూడదు.

ఈ విషయం మొదట బయటపడింది కోడిగుడ్డు దగ్గర. 1944లో షేడ్, కరోలిన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పచ్చి తెల్లసొన బాక్టీరియాను, ఈస్ట్‌ను పెరగనివ్వదని, ఇనుము కలపగానే ఆ అడ్డు తొలగిపోతుందని చూపించారు. 1972లో లండన్‌లో బుల్లెన్ బృందం తల్లిపాలతో ఇలాంటి ప్రయోగమే చేసింది. తల్లిపాలు ఈ.కోలైని గట్టిగా అడ్డుకున్నాయి. అందులోని ప్రొటీన్లను ఇనుముతో నింపేశాక ఆ శక్తి పోయింది.

ఆకలి ఆయుధం ఎంత బలమైనదో చెప్పే విషాద ఘటన ఒకటి చికాగోలో జరిగింది. అక్కడి యూనివర్సిటీలో ప్లేగు బాక్టీరియాపై పనిచేసే 60 ఏళ్ల శాస్త్రవేత్త 2009లో చనిపోయారు. ఆయన వాడింది ఇనుము సంపాదించుకునే శక్తిని పోగొట్టి నీరసపరిచిన రకం, మనుషులకు ప్రమాదం లేదని అందరూ అనుకున్నది. చనిపోయాక చూస్తే ఆయనకు హీమోక్రోమటోసిస్ ఉంది, అంటే ఒంట్లో ఇనుము అతిగా పేరుకునే జన్యు సమస్య. బతికుండగా అది ఆయనకే తెలియదు. బాక్టీరియాలో ఉన్న లోటును ఆయన ఒంట్లోని ఇనుమే తీర్చి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్లు భావించారు.

అయితే "చంపుతుంది" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

1977లో అలబామా యూనివర్సిటీకి చెందిన ఆర్నాల్డ్, కోల్, మెగీ సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. పళ్లను పుచ్చేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను, కలరా తెచ్చే విబ్రియోను లాక్టోఫెర్రిన్‌తో కలిపి ఉంచితే అవి ఆగిపోవడం కాదు, నిజంగానే చచ్చిపోయాయి. తర్వాత ఎంత మేత పెట్టినా లేవలేదు. ఈ చావుకు ఇనుము కొరత ఒక్కటే కారణం కాదని వాళ్లు తేల్చారు. ప్రొటీన్ వెళ్లి కణాన్ని నేరుగా తాకాలని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. దూరంగా కూర్చుని ఇనుము లాక్కుంటే చాలదన్నమాట.

తాకి ఏం చేస్తుంది? కొంచెం వివరంగా చెప్పండి.

మనిషి లాక్టోఫెర్రిన్ గొలుసు మొదలే విచిత్రంగా ఉంటుంది. ఒక గ్లైసిన్, వెంటనే వరుసగా నాలుగు ఆర్జినిన్లు. ఆర్జినిన్ అంటే ధనావేశం. అంటే అణువు ఒక కొసన ధనావేశం గుత్తిగా పోగుపడి ఉంటుంది.

అవతల ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాల బయటి పొర మీద లైపోపాలీశాకరైడ్ అనే పెద్ద అణువులు దట్టంగా పరుచుకుని ఉంటాయి. వాటిది రుణావేశం. ఒకదాన్నొకటి తోసుకోవాల్సిన ఈ అణువుల్ని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు మధ్యలో సిమెంటులా కలిపి ఉంచుతాయి. లాక్టోఫెర్రిన్ ధనావేశపు కొస వచ్చి ఆ సిమెంటు చోటును ఆక్రమిస్తుంది. పొర సడలుతుంది, లైపోపాలీశాకరైడ్ ముక్కలుగా ఊడి వస్తుంది. 1988లో ఎలిసన్ బృందం ఇలా ఊడిన ముక్కల్ని కొలిచి చూపించింది. అదనంగా కాల్షియం పోస్తే ఈ నష్టం తగ్గడం కూడా గమనించారు. ఈ ఆయుధానికున్న బలహీనత కూడా అదే. ఉప్పు, కాల్షియం ఎక్కువున్న చోట దాని దెబ్బ మెత్తబడుతుంది. టెస్ట్‌ట్యూబులో కనబడినంత ఘనంగా ఒంట్లో ప్రతిచోటా పనిచేస్తుందని నేనైతే అనను.

పొర సడలాక అసలు మజా. కన్నీళ్లలోనూ ఉమ్మిలోనూ లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుంది. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రకటించింది దీన్నే, పెన్సిలిన్‌కు ఆరేళ్ల ముందు. బాక్టీరియా గోడను కోసే కత్తి ఇది. కానీ గ్రామ్ నెగెటివ్‌లలో ఆ గోడ బయటి పొర వెనక దాక్కుని ఉంటుంది, కత్తి అక్కడికి చేరదు. లాక్టోఫెర్రిన్ తలుపు తీస్తే లైసోజైమ్ లోపలికి వెళ్లి గోడ కోస్తుంది. విడివిడిగా పెద్దగా చంపలేని ఈ రెండూ కలిస్తే చంపుతాయని 1991లో ఎలిసన్, గీల్ చూపించారు. ప్రకృతి ఈ రెంటినీ ఒకే కన్నీటి చుక్కలో పెట్టడం ఊరికే కాదని నా అభిప్రాయం.

మూడో దారి ఒకటి స్పెయిన్‌లోని పరిశోధకులు 2010లో వివరించారు. బాక్టీరియా తన లోపలి ప్రోటాన్లను బయటికి తోడే పంపును లాక్టోఫెర్రిన్ అడ్డుకుంటుంది. పంపు ఆగితే లోపల ఆమ్లత పెరిగి కణం దెబ్బతింటుంది. మిగతా రెంటితో పోలిస్తే దీని మీద పని తక్కువ జరిగింది.

ప్రొటీన్ కదా, కడుపులో అరిగిపోదా?

అరుగుతుంది. ఆ అరగడంలోనే ఒక తమాషా ఉంది. జపాన్‌లో మోరినాగా పాల కంపెనీ పరిశోధకులు 1990ల మొదట్లో ఆవు లాక్టోఫెర్రిన్‌ను కడుపులోని పెప్సిన్ ఎంజైమ్‌తో కోసి చూశారు. వచ్చిన ముక్కల్లో 25 అమైనో ఆమ్లాల చిన్న ముక్క ఒకటి అసలు ప్రొటీన్ కంటే బలంగా బాక్టీరియాను చంపింది. దానికి లాక్టోఫెరిసిన్ అని పేరు పెట్టారు. అది వచ్చింది ఆ ధనావేశపు కొస ప్రాంతం నుంచే. ఇనుముతో దానికి పనే లేదు, సరాసరి పొరల మీద పడుతుంది.

పసిబిడ్డల కడుపులో ఆమ్లం తక్కువ కాబట్టి కొంత లాక్టోఫెర్రిన్ అరగకుండానే పేగుల దాకా వెళ్తుంది. తల్లిపాలు తాగే పిల్లల మలంలో అది చెక్కుచెదరకుండా కనబడింది.

బయోఫిల్మ్‌ను కూడా అడ్డుకుంటుందా?

అవును. 2002లో నేచర్ పత్రికలో సింగ్, వెల్ష్ బృందం ఈ విషయం రాసింది. సూడోమొనాస్ అనే బాక్టీరియా ఊపిరితిత్తుల్లో జిగురు గూళ్లు (బయోఫిల్మ్ అంటే ఇవే) కట్టుకుని ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది, ముఖ్యంగా సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు ఉన్నవాళ్లలో. పెరుగుదలను ఆపలేనంత తక్కువ మోతాదులో లాక్టోఫెర్రిన్ ఉన్నా ఆ బాక్టీరియా ఒకచోట కుదురుగా ఉండదు. ఇనుము చాలక నేల మీద పాకుతూ తిరుగుతూనే ఉంటుంది. ఇల్లు కట్టాలంటే ముందు ఒకచోట ఆగాలి కదా.

మన మంచి బాక్టీరియా కూడా చస్తుందా?

పెద్దగా కాదు. ఇడ్లీ పిండి పులియడంలో, పేగుల్లో కనిపించే లాక్టోబాసిల్లస్ జాతులు ఇనుము దాదాపు లేకుండానే బతకగలవు. ఇనుము చేసే పనులకు అవి మాంగనీసు వాడుకుంటాయి. ఇనుము మీద ఆధారపడని బాక్టీరియాను ఆకలితో మాడ్చడం కుదరదు. చెడ్డవాటిలోనూ ఈ ట్రిక్కు నేర్చినవి ఉన్నాయి. లైమ్ వ్యాధి తెచ్చే బొరీలియా ఇనుము జోలికే పోదు.

మిగతా బాక్టీరియాలు ఊరుకుంటాయా?

ఊరుకోవు. చాలా బాక్టీరియాలు సిడరోఫోర్లు అనే చిన్న అణువుల్ని వల విసిరినట్టు బయటికి విసిరి, దొరికిన ఇనుమును లోపలికి లాక్కుంటాయి. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్, గనేరియా తెచ్చే గోనోకాకస్ ఇంకా తెగించాయి. వాటి ఒంటి మీద లాక్టోఫెర్రిన్‌ను పట్టుకునే గ్రాహకాలే ఉంటాయి. ఇనుమును దాచిన కాపలావాడి జేబులోంచే కొట్టేస్తాయన్నమాట. న్యుమోకాకస్ మీద పీఎస్‌పీఏ అనే ప్రొటీన్ ఉంటుంది. అది లాక్టోఫెర్రిన్‌లోని చంపే కొసకే అతుక్కుని దాన్ని మొద్దుబారుస్తుంది.

ఈ పోరు మన జన్యువుల్లో గుర్తులు వదిలింది. యూటా యూనివర్సిటీ బృందం 2016లో కోతి జాతుల లాక్టోఫెర్రిన్ జన్యువుల్ని పోల్చి చూసింది. వేగంగా మారుతూ వచ్చింది చంపే ముక్కలున్న మొదటి సగం. చుట్టమైన ట్రాన్స్‌ఫెరిన్‌లో మాత్రం మార్పులు రెండో సగంలో, బాక్టీరియా చెయ్యి వేసే చోట ఉన్నాయి. ఒక ప్రొటీన్ కత్తి పదును పెట్టుకుంటూ వచ్చింది, ఇంకోటి జేబు కుట్టుకుంటూ వచ్చింది.

ముర్రుపాలు పిండి పారబోయాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

పారబోయకండి. పసుపుపచ్చగా, చిక్కగా ఉంటాయి కాబట్టి చెడ్డపాలని మన ఊళ్లలో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ అంటారు. లాక్టోఫెర్రిన్ అత్యధికంగా ఉండేది వాటిలోనే, యాంటీబాడీలు కూడా. పుట్టిన గంటలోపు బిడ్డకు పాలు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అత్తగారితో వాదన పెట్టుకోవడం కష్టంగా ఉంటే ఆశా కార్యకర్తతోనో నర్సుతోనో చెప్పించండి. ఆ మాట వాళ్ల నోట వస్తే ఎక్కువ చెల్లుతుంది.

ఆవుపాలు మరిగిస్తే ఇది పోతుందా? మరి జున్ను?

పొంగు వచ్చేదాకా కాచిన పాలలో చాలావరకు ఆకారం చెడిపోతుంది. ప్యాకెట్ పాలను పాశ్చరైజ్ చేసేటప్పుడు 72 డిగ్రీల వద్ద 15 సెకన్లే కాబట్టి ఎక్కువ భాగం మిగులుతుంది, కానీ ఆ ప్యాకెట్ మనం మళ్లీ కాచుకుంటాం. ఈనిన గేదె, ఆవు జున్నుపాలలో లాక్టోఫెర్రిన్ బాగా ఉంటుంది. ఆవిరి మీద ఉడికించి జున్ను చేశాక అది బాక్టీరియాను చంపే ప్రొటీన్ కాదు, తినడానికి మంచి ప్రొటీన్. మిరియాలు, యాలకులు వేసి తినండి, అంతే. లాక్టోఫెర్రిన్ కోసమని ఎవరూ పచ్చిపాలు తాగొద్దు. దాని వల్ల వచ్చే జబ్బులు ఎక్కువ.

నేను ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. పాలలోని లాక్టోఫెర్రిన్ నిండిపోయి పనికిరాకుండా పోతుందా?

పోదు. తల్లి తినే ఇనుముకూ పాలలో దిగే ఇనుముకూ పెద్దగా సంబంధం లేదు. పాలలో లాక్టోఫెర్రిన్ చాలావరకు ఖాళీ చేతులతోనే ఉంటుంది. మాత్రలు మానొద్దు. బిడ్డకు ఆరు నెలలు నిండాక వారానికి రెండుసార్లు ఇచ్చే ఐరన్ సిరప్ కూడా మానొద్దు. రక్తహీనత మన దగ్గర ఊహల్లోని సమస్య కాదు.

లాక్టోఫెర్రిన్ క్యాప్సూళ్లు కొనుక్కోమంటారా?

నేనైతే కొనను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో దీని మీద గట్టి పరీక్షే జరిగింది. 2009లో ప్రధానంగా ఇటలీలో 472 మంది తక్కువ బరువు శిశువులపై చేసిన అధ్యయనంలో ఆవు లాక్టోఫెర్రిన్ ఇచ్చినవాళ్లలో రక్తంలో ఇన్ఫెక్షన్ 5.9 శాతం, ఇవ్వనివాళ్లలో 17.3 శాతం వచ్చింది. అందరూ ఎగిరి గంతేశారు. తర్వాత బ్రిటన్‌లో 2,203 మంది శిశువులతో ఎల్ఫిన్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. 2019లో ఫలితం వచ్చింది. ఇన్ఫెక్షన్ లాక్టోఫెర్రిన్ ఇచ్చినవాళ్లలో 29 శాతం, ఇవ్వనివాళ్లలో 31 శాతం. తేడా లేనట్టే. చిన్న అధ్యయనం ఆశ పెట్టడం, పెద్దది నీళ్లు చల్లడం వైద్యంలో కొత్తేం కాదు. సరైన చోట, సరైన తోడుతో పనిచేసే ప్రొటీన్‌ను డబ్బాలో పోసి మింగితే అదే పని చేస్తుందని అనుకోవడానికి లేదు. ఆవుపాల ప్రొటీన్ పడనివాళ్లు దీని జోలికి అసలు పోవద్దు.

డాక్టరు మలంలో లాక్టోఫెర్రిన్ టెస్ట్ రాశారు. ఎందుకు?

పేగుల్లో వాపు ఉంటే న్యూట్రోఫిల్స్ అక్కడ చేరి తమ లాక్టోఫెర్రిన్‌ను వదులుతాయి. అది మలంలో పెరిగితే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి వాపు జబ్బుల్ని అనుమానిస్తారు. మామూలుగా ఉంటే ఐబీఎస్ (వాపు లేకుండానే పేగులు ఇబ్బంది పెట్టే సమస్య) వైపు మొగ్గుతారు. ఇన్ఫెక్షన్ వచ్చినా ఇది పెరగొచ్చు, అందుకే ఈ ఒక్క రిపోర్టు పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికి కంగారు పడొద్దు.

దెబ్బ తగిలితే ఉమ్మి రాయడంలో నిజం ఉందా?

ఉమ్మిలో లాక్టోఫెర్రిన్, లైసోజైమ్ ఉన్నమాట నిజం. వాటితో పాటు నోట్లోని కోట్ల కొద్దీ బాక్టీరియా కూడా ఉంటుంది. నోట్లో అవి ఒకరి సంగతి ఒకరికి తెలిసి బతుకుతున్నాయి, తెగిన చర్మం కింద అలా కాదు. కుళాయి కింద పెట్టి సబ్బుతో కడగండి.